పూత బోలెడు, పిందె లేదు: వెస్టిండియన్ చెర్రీ పూల నూనె, దాన్ని తీసుకెళ్లే ఈగ

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. గుంటూరులో మీ డాబా మీద పెద్ద కుండీలో మూడేళ్ల వెస్టిండియన్ చెర్రీ మొక్క ఒకటి ఉంది. అసెరోలా అన్నా, బార్బడోస్ చెర్రీ అన్నా అదే. వాన పడినప్పుడల్లా గులాబీ రంగు పూలు కొమ్మ నిండా వస్తున్నాయి, ఒకటి రెండు రోజుల్లో రాలిపోతున్నాయి, పిందె మాత్రం కట్టడం లేదు. ఒకరు తేనెటీగల పెట్టె పెట్టమన్నారు. ఇంకొకరు ఆ పూలలో తేనె ఉండదు, నూనె ఉంటుంది, దానికి వేరే ఈగ రావాలి అన్నారు. పూలలో నూనె ఏమిటి, నమ్మొచ్చా, పెట్టె కొనాలా వద్దా అని అడిగారు.

పెట్టె కొనకండి. రెండో ఆయన చెప్పిందే నిజం. ఆ పూలలో తేనె చుక్క కూడా లేదు, ఉన్నది నూనె. ఆ నూనెను గీరి తీసుకెళ్లే ఈగ (ఇంటి ఈగ కాదు, తేనెటీగకు చుట్టం) అమెరికా ఖండాల్లో ఉంటుంది, మన దగ్గర లేదు. మన తేనెటీగలకు ఆ నూనెతో పనీ లేదు, దాన్ని తీసే పనిముట్టూ లేదు. మీకు కావలసింది ఇంకో అసెరోలా మొక్క, ఒక మెత్తటి బ్రష్షు, పూత ఉన్న రోజుల్లో పొద్దున ఒక పావుగంట. ఎలా చేయాలో కింద రాశాను. కానీ ఎందుకో కూడా తెలిస్తే ఆ మొక్కను చూసే చూపే మారిపోతుంది, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

నేను ఉద్యానశాస్త్రం చదివి, బ్రెజిల్ ఈశాన్యంలో పెట్రోలినా ఊరి చుట్టుపక్కల అసెరోలా తోటల్లో నాలుగేళ్లు పరాగసంపర్కం పని చూశాను. తిరిగొచ్చాక చిత్తూరు జిల్లాలో మా సొంత పొలంలో నలభై అసెరోలా మొక్కలు వేశాను. అక్కడ చూసిందీ, ఇక్కడ చేతులు కాల్చుకుని నేర్చుకున్నదీ కలిపే ఈ సమాధానం.

ముందు మీరే కళ్లారా చూడండి. రేపు పొద్దున ఒక పువ్వు కోసి వెనక్కి తిప్పండి. రేకుల కింద ఐదు చిన్న ఆకుపచ్చ రక్షక పత్రాలు కనబడతాయి. వాటి వీపు మీద జంటలు జంటలుగా, ఆవగింజను కాస్త సాగదీసినట్టు, నున్నగా మెరిసే బుడిపెలు ఉంటాయి. అసెరోలాలో అవి ఆరు నుంచి పది దాకా ఉంటాయి. అవే నూనె గ్రంథులు. పైన సన్నటి పొర, ఆ పొర కింద నూనె. గుండుసూదితో ఒక బుడిపెను గుచ్చి పల్చటి కాగితానికి అద్దండి. నీళ్ల మరక అయితే ఆరిపోతుంది. ఇది ఆరదు. బజ్జీలు కట్టిన కాగితం మీద పడే మరకలాగే, వెలుతురుకు పట్టి చూస్తే అద్దంలా కనబడుతుంది. నాలుగైదు పూలవి ఒకే చోట అద్దితే ఇంకా బాగా తెలుస్తుంది.

ఇప్పుడు పువ్వును ముందు వైపు తిప్పండి. రేకులు ఐదూ అంచున కుచ్చుల్లా ఉంటాయి కానీ మొదట్లో సన్నటి కాడలా ఉంటాయి, అందుకని రేకుకూ రేకుకూ మధ్య సందులు మిగులుతాయి. ఐదింటిలో ఒక రేకు కాడ మిగతావాటి కన్నా లావు. ఈ సందులు ఎందుకు, ఆ ఒక్క కాడ ఎందుకు లావు అనేది పువ్వును ఎంతసేపు చూసినా తేలదు. ఈగ వచ్చి వాలినప్పుడే తెలుస్తుంది.

పెట్రోలినా సావో ఫ్రాన్సిస్కో నది ఒడ్డున ఉంటుంది. నీటి కాలువ దాటితే చుట్టూ ముళ్ల కంపలు, ఎర్రమట్టి, మన అనంతపురం చూసినట్టే ఉంటుంది. నేను మొదటిసారి ఆ ఈగను చూసింది పొద్దున ఏడున్నరకు. మన తేనెటీగ కన్నా లావుగా, ఒళ్లంతా నూగుతో, తుమ్మెద జోరుతో వచ్చింది. పువ్వు మీద వాలగానే ఆ లావు కాడ ఉన్న రేకును కాడ దగ్గర దవడలతో కరిచి పట్టుకుంది. ఒంటి బరువంతా ఆ పట్టు మీద వేసి, ముందుకాళ్లూ నడిమికాళ్లూ రేకుల సందుల్లోంచి కిందికి పోనిచ్చి, గ్రంథులను పరపరా గీరేసింది. అదంతా కళ్లు మూసి తెరిచేంతలో అయిపోయింది. ఆ కాసేపట్లోనే దాని పొట్ట పువ్వు నడుమ ఉన్న కేసరాలకూ (పుప్పొడి ఉండే పోగులు), మూడు కీలాలకూ (పుప్పొడి అందుకునే ఆడ కాడలు) ఒరుసుకుంటుంది. ముందు పువ్వులో అంటుకున్న పుప్పొడి ఇక్కడ రాలుతుంది, ఇక్కడిది ఒంటికి అంటుకుంటుంది. మొక్కకు కావలసింది ఆ ఒరుపే.

ఆ ఈగ పేరు సెంట్రిస్. అసెరోలా తోటల్లో సెంట్రిస్ ఈనియా, సెంట్రిస్ టార్సాటా, సెంట్రిస్ అనాలిస్ అనే రకాలు నేను ఎక్కువగా చూశాను. భూతద్దం కింద దాని కాలు పెడితే ముందుకాళ్ల, నడిమికాళ్ల పాదాల మీద గట్టి వెంట్రుకలు పేలదువ్వెన పళ్లలా వరుసగా ఉంటాయి. వాటితో గ్రంథి పై పొరను చీల్చి నూనెను తోడుతుంది, గాల్లో ఎగురుతూనే దాన్ని వెనక కాళ్ల మీది దట్టమైన వెంట్రుకల్లోకి తుడుచుకుంటుంది. తోట దాటి పోయేటప్పుడు దాని వెనక కాళ్లు రెండూ తడిసి బరువుగా వేలాడుతుంటాయి. తేనె తెచ్చేది తేనెటీగ అయినప్పుడు నూనె తెచ్చేది నూనెటీగ కావాలి కదా. నేను మా పిల్లలకు అలాగే చెప్తాను, ఇక్కడా ఆ మాటే వాడతాను.

నూనె అది తాగడానికి కాదు, పిల్లల కోసం. సెంట్రిస్ ఒంటరి ఈగ. రాణి, కూలీ ఈగలు, తేనెపట్టు ఏవీ ఉండవు. ఒక్కో తల్లి సొంతంగా గూడు కట్టుకుంటుంది. ఇసుక నేలలోనో, చెక్క తొర్రలోనో గది తర్వాత గది కట్టి, ఒక్కో గదిలో పుప్పొడినీ నూనెనూ కలిపి ముద్ద చేసి పెట్టి, దాని మీద గుడ్డు పెట్టి మూసేస్తుంది. ఆ పిల్ల బయటికి వచ్చేదాకా తినేది ఆ ముద్దే. గ్రాము చక్కెరలో నాలుగు కేలరీలు ఉంటే గ్రాము కొవ్వులో తొమ్మిది ఉంటాయి. అంటే తల్లి తక్కువ బరువు మోసి ఎక్కువ తిండి తెస్తోందన్నమాట. తనకు ఎగరడానికి కావలసిన తేనె మాత్రం వేరే పూల దగ్గర తాగుతుంది. నూనె సేకరించేది ఆడ ఈగలే, మగవాటికి ఆ పని లేదు.

నూనెతో రెండో పని గోడలకు. సెంట్రిస్ టార్సాటా గూడు ఒకటి నేను విప్పి చూశాను. ఇసుకను నూనెతో కలిపి గదుల గోడలు కట్టింది, చివర మూత మీద కూడా నూనె పూసింది. ఆ మూత మీద నీటి బొట్టు వేస్తే ఇంకకుండా తామరాకు మీద బొట్టులా దొర్లిపోయింది. ఐరోపాలో, ఉత్తర అమెరికాలో లైసిమాకియా అనే పసుపు పూల మొక్కల నుంచి నూనె తీసే మాక్రోపిస్ అనే చిన్న ఈగలు ఉన్నాయి. వాటి మొక్కలు ఎక్కువగా చిత్తడి నేలల్లో పెరుగుతాయి, అవి నేలలో గూడు పెట్టి గది లోపలంతా నూనె పూస్తాయి. ఆవకాయ జాడీలో పైన నూనె తేలితే తడి తగలదని మనకు తెలుసు. ఆ ఈగకు ఆ సంగతి మనకన్నా లక్షల ఏళ్ల ముందే తెలుసు.

పూలు నూనె ఇస్తాయన్న సంగతి శాస్త్రానికి తెలిసి ఎంతో కాలం కాలేదు. స్టెఫాన్ ఫోగెల్ అనే వృక్షశాస్త్రవేత్త 1969లో మొదట చెప్పారు, 1974లో దాని మీద పెద్ద గ్రంథమే వేశారు. అప్పటిదాకా ఈగలు పూల దగ్గరికి వచ్చేది తేనెకో పుప్పొడికో అనే చాలామంది అనుకునేవారు. ఇప్పుడు లెక్క వేస్తే పదకొండు వృక్ష కుటుంబాల్లో పదిహేను వందలకు పైగా మొక్కలు నూనె పూలు పూస్తాయి. 2010లో సుసాన్ రెన్నర్, హన్నో షేఫర్ అనే వృక్షశాస్త్రవేత్తలు మొక్కల వంశవృక్షాలు గీసి చూసి, ఈ నూనె పూల లక్షణం కనీసం 28 సార్లు విడివిడిగా పుట్టిందనీ, కనీసం 36 నుంచి 40 సార్లు పోయిందనీ తేల్చారు. పుట్టిన సార్ల కన్నా పోయిన సార్లు ఎక్కువ. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మీ డాబా మీద జరుగుతున్నది దానికి దగ్గర చుట్టమే.

మొక్క ఎందుకు తేనె మానేసి నూనె పెట్టుకుంటుంది? తేనె చలివేంద్రం లాంటిది. చీమ, ఈగ, సీతాకోకచిలుక, పిట్ట, దారిన పోయే ఎవరైనా తాగి పోతారు. వాళ్లలో చాలామంది తర్వాత వాలేది ఇంకో జాతి పువ్వు మీద, మోసుకెళ్లిన పుప్పొడి వృథా. నూనె అలా కాదు, తాళం వేసిన కొట్టు. దువ్వెన కాళ్లున్న ఈగకే తెరుచుకుంటుంది. ఆ ఈగకు మళ్లీ నూనె కావాలంటే ఇంకో నూనె పువ్వు దగ్గరికే పోవాలి, అది చాలావరకు అదే జాతి పువ్వో దాని చుట్టమో అయి ఉంటుంది. పుప్పొడి చేరవలసిన చోటికే చేరుతుంది. ఈగకూ లాభమే, ఆ కొట్టు దగ్గర తోపులాట తక్కువ.

వాసన సంగతి కూడా చెప్పాలి. చాలా నూనె పూలు డయాసెటిన్ అనే పదార్థాన్ని గాలిలోకి వదులుతాయనీ, నూనెటీగలు దాన్ని పసిగట్టి వస్తాయనీ 2015లో తేలింది. రసాయనపరంగా అది ఆ నూనెలకు దగ్గరి బంధువు. మిగతా పురుగులు పెద్దగా పట్టించుకోని ఆ వాసన ఈ ఈగకు మాత్రం నూనె ఉందన్న కబురు.

ఈ బంధం ఎంత దగ్గరిదో చూడాలంటే దక్షిణాఫ్రికా పోవాలి. అక్కడ డయాషియా అనే పూలకు వెనక రెండు సన్నటి గొట్టాలు ఉంటాయి, నూనె ఆ గొట్టాల లోపల. రెడివివా అనే ఈగ తన రెండు ముందుకాళ్లనూ ఒక్కో గొట్టంలోకి ఒక్కోటి దూర్చి నూనె తీస్తుంది. గొట్టం పొడుగైన చోట ఈగ కాళ్లూ పొడుగే. కొన్ని జాతుల్లో ముందుకాళ్లు ఒంటి పొడవు కన్నా ఎక్కువ. కిమ్ స్టైనర్, విన్సెంట్ వైట్‌హెడ్ అనే పరిశోధకులు 1990లో డ్రాకెన్స్‌బర్గ్ కొండల్లో కొలతలు తీసి చూపించారు: ఒకే జాతి ఈగ అయినా, ఏ ప్రాంతంలో పూల గొట్టాలు పొడవో ఆ ప్రాంతంలో దాని కాళ్లు పొడవు. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ ఇదే. అసెరోలా పువ్వు సందులు, సెంట్రిస్ దువ్వెన కూడా ఆ కోవలోవే.

అలాంటి చోట ఒకరు పోతే ఏమవుతుందో కూడా అక్కడే చూశారు. కేప్‌టౌన్ నగరం పెరిగి, పాత పొదల నేలలు చిన్న చిన్న ముక్కలుగా మిగిలాయి. ఆ చిన్న ముక్కల్లో రెడివివా పెరింగ్వేయి అనే ఈగ దాదాపు కనబడకుండా పోయింది. దాని మీద ఆధారపడిన నూనె ఆర్కిడ్లు పూస్తున్నాయి కానీ గింజ కట్టడం లేదని ఆంటన్ పావ్ అనే పరిశోధకుడు 2007లో రాశారు. దుంపల ద్వారా పిలకలు వేసే జాతులు ఇంకా నిలబడ్డాయి, గింజ మీదే బతికేవి తగ్గిపోయాయి. ఉత్తర అమెరికాలో అయితే మాక్రోపిస్ గూళ్లలో దొంగతనంగా గుడ్లు పెట్టే ఎపియోలాయిడెస్ అనే కోకిల ఈగ ఒకటుంది. అది చాలా ఏళ్లు కంటపడకపోవడంతో అంతరించిందనే అనుకున్నారు, 2002లో కెనడాలోని నోవా స్కోషియాలో మళ్లీ దొరికింది. మొక్క ఉంటే ఈగ, ఈగ ఉంటే దాని గూటిలో ఇంకో ఈగ.

ఇప్పుడు మీ డాబాకు వద్దాం.

అమెరికా ఖండాల నుంచి మనకు వచ్చిన ఇంకో చెట్టు మీకు బాగా తెలుసు, జీడిమామిడి. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు తెచ్చారు. బ్రెజిల్ ఈశాన్యంలో జీడిమామిడి పూత మీద కూడా సెంట్రిస్ టార్సాటా తిరుగుతుంది. అక్కడి రైతులకు జీడి తోటలో అసెరోలా కూడా వేసుకోమని చెప్పేవాళ్లు ఉన్నారు, నేనూ చెప్పాను. ఎందుకంటే ఆ ఈగకు తేనె జీడి దగ్గర, నూనె అసెరోలా దగ్గర దొరుకుతాయి, ఇక తోట వదిలి పోదు. ఆ రెండు చెట్లూ తమ ఈగ లేకుండానే మన నేలకు వచ్చాయి. జీడిమామిడి పువ్వులో తేనె ఉంది కాబట్టి మన తేనెటీగలు, ఈగలు వచ్చి వాలాయి. పలాస, ఉద్దానం జీడి తోటలు సెంట్రిస్ ముఖం చూడకుండానే కాశాయి. అసెరోలా మాత్రం మన ఈగలకు పనికిరాని సరుకు పెట్టుకుని వచ్చింది. అటు నుంచే వచ్చిన ఈ రెండు చెట్లలో ఒకటి కాసి ఒకటి కాయకపోవడానికి ఇదే పెద్ద కారణం.

ఈ కష్టం అసెరోలా కుటుంబానికి కొత్త కూడా కాదు. మన మాధవీలత ఉంది చూశారా, పద్యాల్లో మామిడిచెట్టును అల్లుకునే ఆ తీగ, అది అసెరోలాకు సొంత చుట్టం. ఇద్దరిదీ మాల్పీఘియేసీ కుటుంబం. ఈ కుటుంబం పుట్టిల్లు అమెరికా ఖండం. అక్కడి చుట్టాల్లో ఎక్కువమందికి జంటల జంటల నూనె గ్రంథులు ఉంటాయి. ఆసియాకు, ఆఫ్రికాకు వచ్చిన శాఖలు అలా గీరే నూనెటీగలు లేని చోట నూనెను వదిలేశాయి. మాధవి పువ్వును వెనక్కి తిప్పి చూడండి, జంటలు ఉండవు. రక్షక పత్రాల మొదట్లో ఒకే ఒక్క పెద్ద గ్రంథి ఉంటుంది. గుచ్చి కాగితానికి అద్దితే నూనె మరక పడదు, వచ్చేది తీపి రసం. మా ఇంటి మాధవి మీద ఆ గ్రంథి చుట్టూ ఎప్పుడూ చీమలే. పువ్వు మీదికి కొండ తేనెటీగలు, తుమ్మెదలు వస్తాయి, పుప్పొడి తీసుకుపోతాయి. లక్షల ఏళ్లు తీసుకుని ఆ తీగ ఇక్కడి ఈగలకు తగ్గట్టు మారింది. మీ అసెరోలాకు అంత టైమ్ లేదు కదా, అందుకే బ్రష్షు.

పార్కుల్లో కంచెగా వేసే పసుపు పూల గాల్ఫీమియా కూడా ఈ కుటుంబమే. అది అమెరికాలోనే ఉండి కూడా నూనె వదిలేసిన మొక్క. 36 నుంచి 40 అన్న లెక్కలోకి వచ్చేవి ఇలాంటివే.

మరి మన దేశంలో నూనెటీగలే లేవా అంటే, ఉన్నాయి. టెనోప్లెక్ట్రా అనే ఈగలు ఆఫ్రికా, ఆసియా ఉష్ణప్రాంతాల్లో ఉన్నాయి, మన దేశంలోనూ ఉన్నాయి. అవి వెళ్లేది మొమోర్డికా పూలకు, అంటే మన కాకర, ఆకాకర ఉన్న ప్రజాతిలోని నూనె ఇచ్చే జాతుల పూలకు. కానీ వాటి పద్ధతి వేరు. ఆ పూలలో నూనె సన్నటి నూగు లాంటి గ్రంథుల మీద ఊరుతుంది, ఆ ఈగ పొట్ట కింది కుచ్చుతో దాన్ని గుడ్డతో తుడిచినట్టు తుడిచి కాళ్లకు ఎక్కించుకుంటుంది. పొర కింద దాగిన అసెరోలా నూనెను గీరడం దాని పని కాదు. మా తోటలో ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అసెరోలా మీద దాన్ని చూడలేదు.

పెట్టె ఎందుకు వద్దన్నానో చెప్పాలి. ఊరికే పుస్తకం చదివి వద్దనలేదు. నేను తిరిగొచ్చిన రెండో ఏడు, ఎంతైనా తేనెటీగ తేనెటీగే కదా, పుప్పొడికైనా వస్తుంది అనుకుని తోటలో నాలుగు పెట్టెలు పెట్టాను. మొదటి వారం నాలుగైదు ఈగలు పూల మీద కనబడ్డాయి. దగ్గర కూర్చుని చూస్తే అవి ఒక పక్క నుంచి వచ్చి కేసరాల మీద పుప్పొడి గీరుకుని పోతున్నాయి, కీలాలకు తగలడం లేదు. రెండో వారం పొలం గట్టున కానుగ పూసింది. ఇక అసెరోలా వైపు ఒక్క ఈగ కూడా రాలేదు. కొన్ని గుత్తులకు సన్నటి వల గుడ్డ కట్టి ఏ ఈగా రాకుండా చేశాను, కొన్నింటిని తెరిచి ఉంచాను. రెండింటిలోనూ కట్టిన పిందె ఒక్కలాగే ఉంది, అంటే చాలా తక్కువ. పెట్టెల డబ్బు పోయిందన్న బాధ కన్నా, నేను చూసి వచ్చిన సంగతే నేను నమ్మలేదన్న బాధ ఎక్కువైంది. తర్వాతి పూతకు వేరే వేరే మొక్కల మధ్య బ్రష్షుతో పుప్పొడి మార్చాను. ఆ వారం కొమ్మల మీద కట్టిన పిందె చూసి మా తోట మనిషి ఏం మందు కొట్టారు అని అడిగాడు.

ఈ ఇబ్బంది మనకొక్కరికే కాదు. హవాయిలో ఒకప్పుడు పెద్ద ఎత్తున అసెరోలా వేశారు. అక్కడా ఈ ఈగ లేదు, కాయ సరిగా కట్టక హార్మోన్ మందులు పిచికారీ చేసి చూశారు. కుండీ మొక్కకు ఆ జోలికి పోవద్దు. మోతాదు కొంచెం తప్పినా ఆకు ముడుచుకుపోతుంది, పైగా పచ్చిగా తినే పండు.

బ్రెజిల్‌లో ఈగ ఉన్న చోట కూడా దాన్ని కాపాడుకోవలసి వస్తోంది. సెంట్రిస్ అనాలిస్ తొర్రల్లో గూడు పెట్టే రకం. చెక్క దిమ్మకు వరుసగా చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నల్లటి అట్ట గొట్టం దూర్చి నీడన పెడితే తల్లి ఈగలు వచ్చి వాటిలో గూళ్లు కడతాయి. ఆ దిమ్మను తోటలోకి మార్చుకోవచ్చు. కానీ దిమ్మ ఒక్కటీ పెడితే చాలదు. అసెరోలా పూత లేని వారాల్లో నూనె కోసం చుట్టూ మురిసి లాంటి అడవి చెట్లు ఉండాలి, అదీ ఇదే కుటుంబం. తేనె ఇచ్చే పూలు వేరే ఉండాలి, పొద్దున పూట మందు కొట్టకూడదు. అడవి పూర్తిగా చదును చేసిన తోటల్లో దిమ్మలు ఖాళీగా ఉండిపోవడం నేను చూశాను.

మెక్సికోలో లోస్ తుస్ట్లాస్ అనే చోట ఒక ఆంకిడియం ఆర్కిడ్ ఉంది. దాని పువ్వులో నూనె లేదు. అసెరోలాకు అన్న వరుసయ్యే మాల్పీఘియా గ్లాబ్రా పువ్వును పోలి ఉండి, ఆ మొక్క పక్కన పూస్తూ, నూనె కోసం వచ్చిన ఈగలను తన మీదా వాలేలా చేసుకుంటుంది. మీ కుండీలో ఉన్నది ఎంత పేరున్న పువ్వో తెలియాలనే ఇది చెప్పాను.

ఇక చేయవలసింది. బ్రష్షు పట్టే ముందు మొక్క ఆరోగ్యం చూసుకోండి. పిందె కట్టకపోవడానికి ఈగ ఒక్కటే కారణం అనుకోవద్దు. కుండీ మట్టి ఒక రోజు పూర్తిగా ఎండినా పూత రాలుతుంది. యూరియా ఎక్కువైతే ఆకే తప్ప కాయ ఉండదు. కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. మే నెల వడగాడ్పులకు రాలిన పూతకు మందు లేదు, తర్వాతి వానకు వచ్చే పూత కోసం ఆగండి. అలాగే అసెరోలాలో కొన్ని రకాలు తమ పుప్పొడితోనే కొంత కాస్తాయి, కొన్ని అస్సలు కాయవు. మీ స్నేహితుల మొక్క ఒంటరిగా ఉండి కూడా కాసిందంటే నేను చెప్పింది తప్పని కాదు, వాళ్ల రకం వేరు.

రెండో మొక్క తెచ్చుకునేటప్పుడు ఒక సంగతి చూడండి. మీ మొక్క ఏ నర్సరీదో అదే నర్సరీలో అదే తల్లి కొమ్మ నుంచి కట్టిన అంటు తెస్తే రెండూ ఒకటే మొక్క కింద లెక్క. వేరే చోట నుంచి తెండి, లేదా గింజ మొక్క తెండి. పూల రంగులో కాస్త తేడా ఉంటే ఇంకా నమ్మకం.

పొద్దున ఏడు నుంచి పది లోపు, కేసరాల మీద పసుపు పొడి వేలికి అంటుతున్నప్పుడు మొదలుపెట్టండి. నీటిరంగులు వేసే సన్న బ్రష్షు చాలు. మొదటి మొక్క నాలుగైదు పూల కేసరాల మీద తిప్పి, రెండో మొక్క పూల నడుమ పైకి నిలబడిన మూడు కీలాల కొనలకు మెల్లగా తాకించండి. తర్వాత అటు నుంచి ఇటు. బోడకాకర వేసే రైతులు మగ పువ్వు కోసి ఆడ పువ్వుకు అద్దుతారు, చూసి ఉంటే మీకు చెయ్యి వెంటనే తిరుగుతుంది. అసెరోలా ఒకేసారి విరబూసి నాలుగైదు రోజుల్లో ముగించేస్తుంది, ఆ రోజులు వదలకుండా చేయాలి. అద్దిన పూల కాడకు రంగు దారం కట్టండి, ఏది నిలిచిందో తెలుస్తుంది. వారంలో పిందె కనబడుతుంది, మూడు నాలుగు వారాల్లో పండు ఎర్రబడుతుంది. పండగానే కోసి ఆ రోజే తినండి, రెండో రోజుకే మెత్తబడిపోతుంది. నూరు గ్రాముల నారింజలో యాభై మిల్లీగ్రాముల చొప్పున ఉండే సి విటమిన్ దీనిలో వెయ్యి దాటుతుంది, కాస్త దోరగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ.

రెండో మొక్క వెంటనే దొరకకపోతే మీ వీధిలోనో, తెలిసినవాళ్ల మిద్దె తోటలోనో అసెరోలా పూసిందేమో కనుక్కోండి. ఆ పొద్దున విచ్చిన పూలు పది కోసి, తడి గుడ్డ పరిచిన టిఫిన్ డబ్బాలో పెట్టుకుని గంటలోపు తెచ్చుకోండి. బ్రష్షు కూడా అక్కర్లేదు, రేకులు తీసేసి ఆ పువ్వునే పట్టుకుని మీ పూలకు అద్దేయండి. ఒక్కో పువ్వు నాలుగైదింటికి సరిపోతుంది.